కాలిన గాయాల వైద్యం: ప్రమాదానికి ముందే జరగవలసిన ఏర్పాట్లు

ఎక్కడైనా అగ్నిప్రమాదం జరిగిందని తెలియగానే మన సమాజం వెంటనే కదులుతుంది. గంటల్లో దుప్పట్లు, అన్నం పొట్లాలు, చందాలు పోగవుతాయి. రక్తం ఇవ్వడానికి యువకులు వరుసకడతారు. ఇది మెచ్చుకోదగిన గుణం. అయితే కాలిన గాయాలతో ఆసుపత్రికి చేరిన మనిషి బతకడం, బతికాక మళ్లీ తన చేతులతో పని చేసుకోగలగడం ఆ రోజు వచ్చిన విరాళాల మీద అంతగా ఆధారపడవు. అంతకు ముందు ఏడాది ఆ ఆసుపత్రిలో ఏం కొన్నారు, ఎవరికి ఏం నేర్పారు అన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడతాయి. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఇదే.

మేము వైద్యులం కాము, ఉపాధ్యాయులం. అందుచేత ఈ విషయాన్ని తరగతిలో పాఠం చెప్పినట్టే లెక్కలతో సహా వివరిస్తాము. ఏ రోగికి ఏ చికిత్స చేయాలో నిర్ణయించేది వైద్యులే. ఆ చికిత్సకు కావలసినవి సమయానికి అందుబాటులో ఉండేలా చూడటంలో మాత్రం దాతలకూ భాగం ఉంది.

1. సమస్య ఎంత పెద్దది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం కాలిన గాయాల వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 1,80,000 మంది చనిపోతున్నారు. వీరిలో అత్యధికులు పేద, మధ్యాదాయ దేశాలవారే. మన దేశంలో ఏటా 10 లక్షల మందికి పైగా ఒక మోస్తరు నుంచి తీవ్రమైన కాలిన గాయాలకు గురవుతున్నారని కూడా ఆ సంస్థ చెబుతోంది. ఇక శస్త్రచికిత్స మాట. 2015లో లాన్సెట్ కమిషన్ ఇచ్చిన నివేదిక ప్రకారం, ప్రపంచంలో 500 కోట్ల మందికి అవసరమైనప్పుడు సురక్షితమైన ఆపరేషన్, మత్తు వైద్యం తాము భరించగల ఖర్చులో దొరకడం లేదు.

అంటే మామూలు రోజుల్లోనే ఈ వైద్యం చాలడం లేదు. అలాంటి చోట ఒకే గంటలో 40 మంది కాలిన గాయాలతో వస్తే ఏమవుతుంది? ఇది ఊహకు వదిలేయవలసిన ప్రశ్న కాదు. లెక్క కట్టి చూడవచ్చు.

2. చర్మం చేసే పని

చర్మం శరీరానికి కట్టిన గోడ వంటిది. లోపలి నీటిని బయటికి పోనివ్వదు, బయటి సూక్ష్మజీవులను లోపలికి రానివ్వదు, శరీరంలోని వేడిని నిలిపి ఉంచుతుంది. ఎక్కువ భాగం కాలినప్పుడు ఈ మూడు పనులూ ఒక్కసారిగా ఆగిపోతాయి. మొదటి రెండు రోజుల్లో రక్తనాళాల నుంచి నీరు ఊరిపోయి ఒళ్లు ఉబ్బుతుంది, రక్తపోటు పడిపోతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఆ గండం గడిచాక ఇన్ఫెక్షన్ భయం మొదలవుతుంది. ప్రమాదం జరిగిన రోజు మాట్లాడుతూ కనిపించిన మనిషి వారం తర్వాత చనిపోయాడని మనం వింటుంటాం. దానికి తరచుగా కనిపించే కారణం ఇదే.

మంటల్లో పొగ పీల్చినవారి సంగతి వేరు. ముక్కు వెంట్రుకలు కాలి ఉండటం, గొంతు బొంగురుపోవడం, ఉమ్మిలో మసి కనిపించడం ప్రమాద సూచనలు. వీరికి పైకి గాయం చిన్నదిగా కనిపించినా గొంతు వాచి ఊపిరి ఆగిపోవచ్చు. అందుకే ముందుగా చూడాలి.

3. మొదటి 20 నిమిషాలు

ఆసుపత్రి కన్నా ముందు ఉపయోగపడేది కుళాయి. కాలిన చోట 20 నిమిషాల పాటు చల్లని నీరు ధారగా పోయాలి. కాలిన తర్వాత 3 గంటల లోపు పోసినా కొంత మేలు ఉంటుంది. ఐసు పెట్టకూడదు. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు, కోడిగుడ్డు సొన ఏదీ పూయకూడదు. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు, గడియారం తీసేయాలి. ఆ తర్వాత ఉతికిన శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి 108కి ఫోన్ చేయాలి. చిన్నపిల్లలకు నీరు పోసేటప్పుడు మిగతా ఒళ్లు చల్లబడిపోకుండా దుప్పటి కప్పాలి.

దీనికి ఖర్చు లేదు. తెలిసి ఉంటే చాలు. ఒంటికి నిప్పు అంటుకుంటే పరుగెత్తకుండా ఆగడం, నేల మీద పడుకోవడం, దొర్లడం అనే మూడు పనులు మూడో తరగతి పిల్లలు కూడా ఒక్క పీరియడ్‌లో నేర్చుకోగలరు.

4. సీసాల లెక్క

ఎంత శాతం కాలిందో తెలుసుకోవడానికి వైద్యులు తొమ్మిదుల లెక్క వాడతారు. పెద్దవారిలో తల 9 శాతం, ఒక్కొక్క చెయ్యి 9, ఛాతీ, పొట్ట కలిపి ముందు భాగం 18, వీపు భాగం 18, ఒక్కొక్క కాలు 18, మిగిలిన 1 శాతం మర్మావయవాలు. అన్నీ కలిపితే 100. చెదురుమదురు గాయాలకు ఇంకో తేలిక కొలత ఉంది: వేళ్లతో సహా రోగి అరచేయి సుమారు 1 శాతం. పిల్లల్లో తల భాగం పెద్దది, కాళ్ల భాగం చిన్నది కాబట్టి వారికి పట్టిక వేరుగా ఉంటుంది.

ఈ శాతం తెలిశాక సెలైన్ ఎంత ఎక్కించాలో అంచనా వేస్తారు. పాఠ్యపుస్తకాల్లో పార్క్‌ల్యాండ్ సూత్రం ప్రసిద్ధం. రోగి బరువును కాలిన శాతంతో గుణించి, దానిని 4తో గుణిస్తే మొదటి 24 గంటలకు కావలసిన మిల్లీలీటర్లు వస్తాయి. అందులో సగం, కాలిన సమయం నుంచి మొదటి 8 గంటల్లోనే ఎక్కించాలి. ఇప్పుడు కొందరు వైద్యులు ఇంతకంటే తక్కువతో మొదలుపెట్టి, మూత్రం ఎంత వస్తోందో గంట గంటకూ కొలుస్తూ సరిచేస్తారు. మన లెక్కకు పాత సూత్రమే తీసుకుందాం.

60 కిలోల మనిషికి 30 శాతం కాలిందనుకుందాం. 60ని 30తో, దాన్ని 4తో గుణిస్తే 7,200 మిల్లీలీటర్లు. అంటే ఒక్క మనిషికి ఒక్క రోజుకు దాదాపు 15 అరలీటరు సీసాలు. అలాంటివారు 40 మంది వస్తే 288 లీటర్లు, అంటే 576 సీసాలు. అందులో సగం, 288 సీసాలు, మొదటి 8 గంటల్లోనే కావాలి. ఈ సీసాలను ఎక్కించడానికి 40 మందికి సూదులు, గొట్టాలు, మూత్రం కొలిచే గొట్టాలు, సంచులు కావాలి. గంట గంటకూ చూసి రాసే నర్సులు కావాలి.

ఇప్పుడు మన పట్టణంలోని ఆసుపత్రి స్టోరు గదిని గుర్తు చేసుకోండి. అక్కడ ఈ రాత్రి ఎన్ని సీసాలు ఉంటాయి? మర్నాడు ఉదయం ఊరంతా చందాలు వేసి లారీడు సీసాలు తెప్పించినా మొదటి 8 గంటలు అప్పటికే గడిచిపోతాయి. ముందుగా సిద్ధం కావాలని మేము అనడానికి మొదటి కారణం ఇది.

సెలైన్ అందరికీ చాలనప్పుడు, స్పృహలో ఉండి తాగగలిగినవారికి వైద్యుల పర్యవేక్షణలో ఓఆర్‌ఎస్ నీరు తాగించడం విపత్తు సమయాల్లో ఆమోదించిన పద్ధతే. కాబట్టి ఓఆర్‌ఎస్ పొట్లాలను చిన్న వస్తువుగా చూడకూడదు. అవి స్టోరులో ఉండాలి, ఎవరికి తాగించవచ్చో సిబ్బందికి ముందే తెలిసి ఉండాలి.

5. ఆపరేషన్ గది

కాలిన గాయానికి పూత మందు, కట్టు ఉంటే చాలునని చాలామంది అనుకుంటారు. లోతుగా కాలిన గాయం శస్త్రచికిత్స లేకుండా సరిగా మానదు.

మొదటి గంటల్లోనే అవసరమయ్యే ఆపరేషన్ ఒకటి ఉంది. చెయ్యి, కాలు లేదా ఛాతీ చుట్టూ లోతుగా కాలితే ఆ చర్మం తోలుపట్టీలా బిగుసుకుపోతుంది. లోపల వాపు పెరిగేకొద్దీ రక్తప్రసారం ఆగిపోతుంది, ఛాతీ అయితే ఊపిరి ఆడదు. అప్పుడు బిగుసుకున్న ఆ చర్మాన్ని నిలువుగా కోసి వదులు చేయాలి. దీనికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు, నేర్చుకున్న చెయ్యి కావాలి. జిల్లా ఆసుపత్రిలోని జనరల్ సర్జన్‌కు ముందే శిక్షణ ఇస్తే, పెద్ద నగరానికి తీసుకువెళ్లేలోపు చెయ్యి పోకుండా ఆపవచ్చు.

తరువాతి రోజుల్లో చచ్చిన చర్మాన్ని తీసేసి, రోగి తొడ నుంచి పలుచని చర్మం తీసి గాయం మీద అతికిస్తారు. దీనికి చర్మం కోసే ప్రత్యేకమైన కత్తి, తీసిన చర్మాన్ని జల్లెడలా సాగదీసే పరికరం, రక్తం, మత్తు వైద్యుడు కావాలి. కెటమిన్ అనే మత్తుమందు వైద్యరంగంలో చాలా పాతది, చౌకైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది. కట్లు మార్చేటప్పుడు రోగి పడే బాధ తగ్గించడానికి చిన్న ఆసుపత్రుల్లో ఎంతో ఉపయోగపడుతుంది. ఇలాంటి మందులు నిలవ ఉండటం, వాడటం తెలిసినవారు డ్యూటీలో ఉండటం రెండూ కావాలి.

తక్కువ ఖర్చుతో మంచి వైద్యం అసాధ్యమని అనుకోవద్దు. ముంబై వైద్యులు బంగాళాదుంప తొక్కతో, అరటి ఆకుతో శుద్ధిచేసిన కట్లు తయారుచేసి, వాటి ఫలితాలను వైద్య పత్రికల్లో ప్రచురించారు. అరటి ఆకు గాయానికి అంటుకోదు, కట్టు విప్పేటప్పుడు నొప్పి తక్కువ. అయితే ఆ ఆకును ఆసుపత్రిలో శుద్ధిచేసి వాడారు. పెరట్లో కోసి ఇంట్లో కట్టడానికి చెప్పిన చిట్కా కాదది.

6. రోజుల లెక్క

ఎంత శాతం కాలితే సుమారుగా అన్ని రోజులు ఆసుపత్రిలో ఉండాలని వైద్యుల్లో ఒక మోటు లెక్క ఉంది. మనం చెప్పుకున్న 40 మందికి 30 రోజుల చొప్పున 1,200 పడక రోజులు. 10 పడకల వార్డులో ఒక్క కొత్త రోగినీ చేర్చుకోకపోయినా అది నాలుగు నెలల పని. విలేఖరులు వారంలో వెళ్లిపోతారు. విరాళాలు పది రోజుల్లో ఆగిపోతాయి. రోగి మాత్రం అక్కడే ఉంటాడు.

ఆ రోజుల్లో అతనికి మామూలు మనిషికంటే ఎక్కువ ఆహారం కావాలి. గుడ్లు, పాలు, పప్పు, మాంసం వంటి మాంసకృత్తులు లేకపోతే అతికించిన చర్మం పట్టదు. కీళ్లు ముడుచుకుపోకుండా చెక్క బద్దీలు కట్టి, రోజూ వ్యాయామం చేయించాలి. ఇది చేయించకపోతే గాయం మానినా మెడ ఛాతీకి అతుక్కుపోతుంది, వేళ్లు మడతపడిపోతాయి. దర్జీ పని చేసేవాడు కత్తెర పట్టలేడు, వంట చేసే తల్లి గరిటె పట్టలేదు. ప్రాణం నిలిచినా జీవనోపాధి పోతుంది. ఫిజియోథెరపిస్టు జీతాన్ని అదనపు ఖర్చుగా చూడకూడదని చెప్పేది ఇందుకే.

7. ఢాకా నేర్పే పాఠం

పేద దేశాలు ఏం చేయగలవని నిరుత్సాహపడేవారు బంగ్లాదేశ్ అనుభవాన్ని చూడాలి. ఢాకా మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో 2003లో 50 పడకలతో బర్న్స్ యూనిట్ ఏర్పడింది. 2010 జూన్ 3న పాత ఢాకాలోని నీమ్‌తలీ ప్రాంతంలో ఘోర అగ్నిప్రమాదం జరిగింది. ఇరుకు సందులు, ఇళ్ల మధ్యనే రసాయనాల గోదాములు. నూట ఇరవైమంది దాకా చనిపోయారు. ఆ తరువాతి ఏళ్లలో రాజకీయ ఘర్షణల్లో బస్సుల మీద పడిన పెట్రోలు బాంబుల వల్ల కూడా ఆ యూనిట్ రోగులతో నిండిపోయింది.

వారు ఆ అనుభవాన్ని వదిలేయలేదు. ప్లాస్టిక్ సర్జన్ డాక్టర్ సామంత లాల్ సేన్ వంటివారు ఏళ్ల తరబడి పట్టుబట్టారు. పడకలు పెరిగాయి, డాక్టర్లకు, నర్సులకు శిక్షణ జరిగింది. 2018లో 500 పడకల జాతీయ బర్న్, ప్లాస్టిక్ సర్జరీ సంస్థ ఢాకాలో ప్రారంభమైంది.

2025 జూలై 21న ఢాకాలోని ఉత్తరా ప్రాంతంలో వాయుసేన శిక్షణ విమానం మైల్‌స్టోన్ పాఠశాల మీద కూలింది. ముప్పైమందికి పైగా చనిపోయారు, వారిలో ఎక్కువమంది పిల్లలే. గాయపడిన పిల్లల్లో అనేకమందిని ఆ జాతీయ సంస్థకే తీసుకువెళ్లారు. మన దేశం నుంచి, సింగపూర్, చైనాల నుంచి వైద్య బృందాలు వెళ్లి సాయం చేశాయి. అంత పెద్ద సంస్థ ఉన్నా లోతుగా కాలిన పిల్లలందరినీ బతికించలేకపోయారన్నది నిజం. కానీ బయటి బృందాలు వచ్చి పని చేయడానికి అక్కడ వార్డు ఉంది, థియేటర్ ఉంది, భాష తెలిసిన నర్సులు ఉన్నారు. విదేశీ నిపుణుడు విమానం దిగేసరికి కీలకమైన మొదటి రోజు గడిచిపోతుంది. ఆ మొదటి రోజును గట్టెక్కించేది స్థానికులే.

8. మన దగ్గర

2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ పైప్‌లైన్ పేలి ఇరవైమంది దాకా ప్రాణాలు కోల్పోయారు. నిద్రలో ఉన్నవారు, టీ దుకాణం దగ్గర నిలబడ్డవారు మంటల్లో చిక్కుకున్నారు. క్షతగాత్రులను అమలాపురం, కాకినాడ ఆసుపత్రులకు తరలించారు. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఔషధ కర్మాగారంలో పేలుడు నలభైమందికి పైగా కార్మికులను బలితీసుకుంది. వీరిలో ఎందరో పొట్టకూటికి ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారు. పైప్‌లైన్లు, ఫ్యాక్టరీలు, బాణాసంచా గోదాములు, రాత్రి బస్సులు ఉన్నంతకాలం ఇలాంటి రోజు మళ్లీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అది పెద్ద నగరం పక్కనే జరుగుతుందనీ చెప్పలేం.

ఆ రోజున ఆసుపత్రిలో పాటించే ఒక నియమం మనకు ముందే తెలిసి ఉండాలి. వచ్చినవారిని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు రంగులుగా విడదీస్తారు. వెంటనే చూస్తే బతికేవారు ఎరుపు, కొంతసేపు ఆగగలిగినవారు పసుపు, నడవగలిగినవారు ఆకుపచ్చ, ప్రాణం పోయినవారు, ఇక ఏం చేసినా నిలవనివారు నలుపు. గట్టిగా కేకలు వేసేవారి కన్నా మౌనంగా పడి ఉన్నవారిని ముందు తీసుకువెళ్లవచ్చు. ఇది తెలియక బంధువులు గొడవపడితే వైద్యం ఆగిపోతుంది. గేటు దగ్గర జనాన్ని సర్దడం, పేర్లు రాయడం, కుటుంబాలకు ఒకే చోట సమాచారం చెప్పడం శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకులు చేయగల పనులు. ఏడాదికి రెండుసార్లు ఆసుపత్రితో కలిసి రిహార్సల్ చేస్తే ఇది అలవాటవుతుంది.

9. చర్మదానం

శరీరంలో ఎక్కువ భాగం కాలినవారికి సొంత చర్మం చాలదు. అప్పుడు చనిపోయినవారి నుంచి సేకరించిన చర్మాన్ని తాత్కాలికంగా కప్పుతారు. అది కొన్ని వారాలు గాయాన్ని కాపాడితే, ఆలోగా సొంత చర్మం మళ్లీ పెరుగుతుంది. హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో 2021లో స్కిన్ బ్యాంక్ మొదలైంది. మరణించిన 6 గంటల లోపు తొడలు, కాళ్లు, వీపు నుంచి పలుచని పై పొర మాత్రమే తీస్తారు. ముప్పావుగంట లోపు పని పూర్తవుతుంది. రూపం చెడదు, రక్తం గ్రూపు కలవనక్కర్లేదు. గ్లిసరాల్‌లో, చల్లని ఉష్ణోగ్రతలో ఏళ్ల తరబడి నిలవ ఉంచవచ్చు. అందుకే విపత్తు రోజున ఇది ఎంతో విలువైనది.

అవయవదానం విషయంలో మన పండితుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. 1988లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ, మరణించినవారి అవయవాల మార్పిడిని కొన్ని షరతులతో అనుమతిస్తూ తీర్మానించింది. మృతుని ముందస్తు అనుమతి లేదా వారసుల అనుమతి ఆ షరతుల్లో ముఖ్యమైనది. చర్మదానం గురించి కుటుంబాలు తమ ఆలిములను అడిగి, బతికి ఉండగానే మాట్లాడుకోవడం మంచిది. దుఃఖంలో ఉన్న ఇంటి వాకిట్లో మొదటిసారి అడిగే ప్రశ్న కాకూడదిది.

10. విరాళం ఇచ్చే ముందు అడగవలసిన ప్రశ్నలు

పాఠం చివర అభ్యాసం ఇవ్వడం మా వృత్తిధర్మం. దాతలు, కమిటీ సభ్యులు దగ్గరలోని ఆసుపత్రికి వెళ్లి, సూపరింటెండెంటు గారిని మర్యాదగా ఈ ప్రశ్నలు అడగాలని మా మనవి.

ఒకటి: ఒకేసారి 20 మంది కాలినవారు వస్తే మొదటి 8 గంటలకు చాలినన్ని సెలైన్ సీసాలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు స్టోరులో ఉన్నాయా? గడువు తీరకముందే వాటిని మామూలు రోగులకు వాడి, కొత్తవి పెట్టే ఏర్పాటు ఉందా?

రెండు: క్యాజువాలిటీ దగ్గర 20 నిమిషాలు నీరు పోయడానికి కుళాయి, స్నానపు గది ఉన్నాయా?

మూడు: బిగుసుకున్న చర్మాన్ని కోసి వదులు చేయడం తెలిసిన డాక్టరు, తొమ్మిదుల లెక్క తెలిసిన నర్సు రాత్రి డ్యూటీలో ఉంటారా? శిక్షణకు పంపితే వారి ప్రయాణ ఖర్చు ఎంత?

నాలుగు: చర్మం కోసే కత్తి ఉందా? దానికి బ్లేడ్లు ఉన్నాయా? జనరేటరుకు డీజిల్, ఆక్సిజన్‌కు సిలిండర్లు ఉన్నాయా?

ఐదు: పెద్ద ఆసుపత్రికి పంపవలసి వస్తే ఎక్కడికి, ఎవరికి ఫోన్ చేయాలి? ఆ నంబరు గోడ మీద రాసి ఉందా?

ఆరు: నెల తర్వాత కూడా వార్డులో ఉండే రోగికి గుడ్లు, పాలు, వ్యాయామం, ఇంటికి వెళ్లాక కట్లు మార్చే ఖర్చు ఎవరు చూస్తారు?

ఈ ఆరు ప్రశ్నల్లో దేనికి "లేదు" అని జవాబు వచ్చినా మన విరాళం వెళ్లవలసిన చోటు అక్కడే. దాని మీద శిలాఫలకం వేయడం కష్టం. సీసాలు వాడితే అయిపోతాయి, శిక్షణ కంటికి కనిపించదు. అయినా అర్ధరాత్రి అంబులెన్సు ఆగిన క్షణాన రోగికి అక్కరకు వచ్చేవి ఇవే. వచ్చే సంవత్సరపు బడ్జెట్ సమావేశానికి ముందే సభ్యులు ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకుని రావాలని, విపత్తు నిధిలో కొంత భాగాన్ని విపత్తు రాకముందే ఖర్చు చేయడానికి కేటాయించాలని మేము కోరుతున్నాము.